ఇవాళ పుట్టిల్లు ఎక్కడ?

లోకం తీరు అందరికీ తెలిసిందే. పిల్లలకు రెక్కలొస్తాయి, ఎగిరిపోతారు. కన్నవాళ్లు అరుగు మీద కూర్చుని దారి చూస్తారు. సింధుజ వాళ్లింట్లో మాత్రం ఈ లెక్క పూర్తిగా తలకిందులు. ఆమె పెళ్లి చేసుకుని, వికారాబాద్‌లో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తూ, పొద్దున పాలవాడితో, సాయంత్రం కూరగాయలవాడితో బేరమాడుకుంటూ బుద్ధిగా ఒక్కచోట కాపురం చేసుకుంటోంది. కాలికి బలపం కట్టుకుని దేశం మీద తిరిగేది ఆమె అమ్మానాన్నలు.

బీరన్న, కొండమ్మ గొర్రెలవాళ్లు. యాలాల్ దగ్గరి పల్లెలో సొంతిల్లు ఉంది. ఉంది అంటే ఉంది, అంతే. కందిచేలు కోసి, ఆ మోళ్ల మధ్య మేత అయిపోగానే ఇంటికి తాళం పెట్టి, మందను తోలుకుని కొడంగల్ దాటి కర్ణాటక వైపు వెళ్లిపోతారు. తొలకరి పడేదాకా తిరిగి రారు. అక్కడి రైతులు గొర్రెల ఎరువు కోసం పిలిచి మరీ తమ చేలల్లో మందను ఆపించుకుంటారు. ఒక రాత్రి ఒకరి చేను, మరో రాత్రి మరొకరి చేను. చుట్టూ వల కట్టి మందను లోపల పెడితే, ఆ పూటకు అదే ఊరు, అదే వాకిలి.

ఇక సింధుజ తమ్ముడు పరమేశ్ సంగతి. వాడు అరుణాచల్‌లో కొండలు తవ్వి రోడ్డు వేసే కంపెనీలో జేసీబీ నడుపుతాడు. రైలెక్కి, ఇంకో రైలెక్కి, బస్సెక్కి, జీపెక్కితే గానీ అక్కడికి చేరరు. ఆ కొండల్లో ఒకే ఒక్క మూలమలుపు దగ్గర సిగ్నల్ దొరుకుతుంది. వాడు రోజూ సాయంత్రం ఆ మలుపు దగ్గర బండరాయి మీద కూర్చుంటే, వికారాబాద్‌లో సింధుజ, ఏదో ఒక చేనులో అమ్మానాన్నలు ఒక్క కాల్‌లోకి వచ్చేవారు. కుటుంబమంతా కలిసి కూర్చునే వేళ అదే.

"ఇయ్యాల యాడున్నరు నాయినా?" అని సింధుజ అడిగేది.

"నిన్నటి చేనికి అవుతల, బిడ్డా."

"నిన్న యాడుండె?"

"మొన్నటి చేనికి ఇవుతల."

బీరన్న లోకంలో ఊళ్లకు పేర్లు లేవు. నీళ్లున్న చేను, కుక్కలున్న చేను, చెప్పిన మాట తప్పిన రైతు చేను, అంతే. పక్కనుంచి కొండమ్మ, "బిడ్డా, అన్నం తిన్నవా? కాళ్లు వాసినయా? తమ్మీ, చలిగుడ్డ ఏస్కున్నవారా?" అని ఒక్క గుక్కలో అన్నీ అడిగేసేది. ఎందుకంటే సిగ్నల్ ఏ క్షణాన పోతుందో ఎవరికీ తెలియదు.

సింధుజకు ఇప్పుడు ఏడో నెల. మొదటి కాన్పు. కడుపుతో ఉన్న బిడ్డకు పుట్టింట్లో ఒడిబియ్యం పోయాలని వాళ్ల ఇళ్లల్లో ఆనవాయితీ. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, తమలపాకులు, రవికెగుడ్డ పెట్టి తల్లి దోసిళ్లతో కూతురి ఒడి నింపుతుంది. ఆ బియ్యం తెచ్చి అత్తవారింట్లో వండి చుట్టాలందరికీ పెట్టాలి. పంచాంగం చూపిస్తే ఆ ఆదివారమే ఆఖరు మంచిరోజన్నారు. అది దాటితే మూఢం. మళ్లీ మంచిరోజు వచ్చేసరికి కాన్పే అయిపోతుంది.

"ఆదివారం పొద్దుగాల యాలాల్ ఇంట్ల ఉంటం బిడ్డా, మందతోని సహా. నువ్వు ఫికర్ జేయకు" అని బీరన్న మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని సింధుజ అత్త లక్ష్మమ్మ సోమవారం భోజనాలకు వీధి వీధంతా పిలిచేసింది. పిలిచిందే గానీ ఆమెకు నమ్మకం లేదు.

లక్ష్మమ్మ పుట్టుక కూడా గొర్రెలవాళ్లింట్లోనే. కానీ మొగుడికి నీళ్ల ట్యాంకు దగ్గర సర్కారు కొలువు దొరికిన నాటి నుంచి ఆమె గొర్రెను ముట్టుకోలేదు, మాంసంగా తప్ప. "మా కోడలిది ఏ ఊరని అడిగితే నేనేం జెప్పాలె? పొద్దుగాల ఒక ఊరు, మాపటికి ఒక ఊరు" అని పక్కింటివాళ్లతో అనేది. సింధుజకు వినబడేలాగే అనేది. "ఆళ్లు మాటకు కట్టుబడతరా బిడ్డా? మేతకు కట్టుబడతరు గని" అని కోడలితోనే నేరుగా అంది ఒకసారి. సింధుజ నవ్వి ఊరుకుంది. లోపల మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. మిగతా కోడళ్లకు పుట్టింటికి పోవడమంటే బస్సెక్కడం. తనకు పుట్టింటికి పోవాలంటే ముందు అది ఎక్కడుందో కనుక్కోవాలి. ఒక్కసారి, ఈ ఒక్క ఆదివారం, ఆ తాళం తీసిన ఇంట్లో అమ్మ ముందు ఒడిపట్టి కూర్చోవాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో మొగుడు యాదగిరికి కూడా చెప్పలేదు.

ఈ కనుక్కునే బాధ తీర్చడానికే పరమేశ్ దసరాకు వచ్చినప్పుడు నాన్నకు కొత్త ఫోన్ కొనిచ్చాడు. దానికో బ్యాటరీ డబ్బా తగిలించాడు. ఫోన్ ఎక్కడుంటే మ్యాప్‌లో అక్కడ నాన్న బొమ్మ కనబడేలా అక్కకూ తనకూ ఏర్పాటు చేశాడు. రుమాలు చుట్టుకున్న బీరన్న ముఖం, గుండ్రంగా, రూపాయి బిళ్లంత. "నాయినా, ఒక్క మాట గుర్తువెట్టుకో. ఫోన్ ఎప్పుడు మందతోనే ఉండాలె. మంద యాడుంటే గది గాడ. ఇడిసిపెట్టద్దు" అని ఒకటికి పదిసార్లు చెప్పాడు. బీరన్న ఒకటికి పదిసార్లు తలూపాడు. మోగితే గొర్రెలు బెదురుతాయని మోత మాత్రం బంద్ చేయించుకున్నాడు.

ఆ శనివారం పొద్దున సింధుజ చాయ్ తాగుతూ అలవాటుగా మ్యాప్ తెరిచింది. నాన్న ముఖం రోడ్డు మీద ఉంది. చూస్తుండగానే అంగుళం జరిగింది. ఇంకో గుటక వేసి చూస్తే కొడంగల్ దాటేసింది.

"ఇనుండ్రి, జర ఈడికి రాండ్రి!" అని కేకేసింది. "నాయిన ఉరుకుతున్నడు!"

యాదగిరి ఆర్టీసీలో కండక్టర్. ఆ రోజు సెలవు. నోట్లో బ్రష్‌తోనే వచ్చి చూశాడు. "ఉరుకుడు కాదు. మామ బస్సుల వస్తున్నడు. రేపు పండుగ గద, ఒక దినం ముందుగాల బయలెల్లిండు" అన్నాడు.

"మందను ఇడిసి నాయిన బస్సెక్కుతడా? నా పెండ్లికే మందను తోలుకోని వచ్చిండు."

అది నిజమే. పెళ్లిలో ఫంక్షన్ హాలు ముందు కార్ల కంటే గొర్రెలే ఎక్కువ నిలబడ్డాయి. లక్ష్మమ్మ ఆ సంగతి ఇంకా మర్చిపోలేదు, మర్చిపోనివ్వలేదు.

సింధుజ ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఇంతలో పరమేశ్ నుంచే కాల్ వచ్చింది. ఆ మలుపు దగ్గరికి పొద్దున్నే పరుగెత్తాడేమో, రొప్పుతున్నాడు. "అక్కా, జూసినవా? నాయిన తాండూరుకు వోతున్నడు. నేను జేస్తే ఎత్తుతలేడు."

సింధుజ, యాదగిరి, లక్ష్మమ్మ ఫోన్ చుట్టూ మూగారు. నాన్న ముఖం తాండూరులోకి వచ్చింది, రాళ్ల పాలిష్ యూనిట్ల రోడ్డు పట్టింది, ఒకచోట ఆగింది. సింధుజ వేళ్లతో మ్యాప్‌ను పెద్దది చేసింది. ఆ ముఖం పక్కనే ఎర్రగా ఆసుపత్రి గుర్తు.

కాసేపటికి నాన్న ముఖం ఆసుపత్రి వెనక్కి కదిలింది, మళ్లీ ముందుకొచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది.

"మామకేం కాలే" అన్నాడు యాదగిరి నెమ్మదిగా. "సూడు, నడుస్తున్నడు."

"నాయిన బయట అటిటు తిరుగుతున్నడంటే..." అని సింధుజ ఆగింది. నాన్న బయట ఉన్నాడంటే లోపల ఉన్నది అమ్మ.

చేతిలో గ్లాసు అక్కడే పెట్టి చెప్పులేసుకుంది. "నేను తాండూరుకు వోతున్న."

"ఉత్తచేతులతోని పోతవా?" అంది లక్ష్మమ్మ. అప్పటికే ఆమె సంచిలో నీళ్ల సీసా, రొట్టెలు, కోడలికి దుప్పటి కుక్కుతోంది. "నేను గూడ వస్త. ఏడో నెల మనిషిని ఒక్కదాన్ని తోలి నేనింట్ల కూసోని ఏం జేయాలె?"

వికారాబాద్ నుంచి తాండూరుకు రైల్లో ఎంతో దూరం లేదు. ఆ పూట మాత్రం ఆ పట్టాలు ఎవరో లాగి పొడుగుచేసినట్టున్నాయి. సింధుజ కిటికీ పక్కన కూర్చుని ఫోన్ వైపే చూసింది. ఇన్నాళ్లూ అమ్మానాన్నల మీద ఎంత కోపం పెట్టుకుందో అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క ఇల్లు పట్టుకుని ఉండరేం, అందరిలా ఎందుకుండరు, నా అత్త ముందు నన్నెందుకు చులకన చేస్తారు అని. ఇప్పుడు ఆ కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఒడిబియ్యం లేకపోతే పీడాపోయింది, అమ్మ మాట్లాడితే చాలు అనుకుంది. లక్ష్మమ్మ ఏమీ అనకుండా కోడలి వీపు నిమురుతూ కూర్చుంది. ఏమీ అనకపోవడం ఆమెకు చాలా కష్టమైన పని.

మధ్యలో పరమేశ్ లైన్‌లోకి వచ్చాడు. "అక్కా, నాయిన ఆసుపత్రి గోడకాడ్నే ఉన్నడు."

"నిలవడ్డడా?"

"లే, తిరుగుతున్నడు. ఇప్పుడు రోడ్డు దాటిండు. మళ్ల ఇవుతలికొచ్చిండు. అక్కా, నాయిన గోల్ గోల్ తిరుగుతున్నడే! పానం బాగుందా ఆయనకు?"

"పరేషాన్‌ల ఉంటే గట్లనే తిరుగుతరు తమ్మీ" అన్నాడు యాదగిరి, బావగారి పెద్దరికంతో. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

తాండూరు స్టేషన్ బయట ఆటో ఎక్కారు. పాలిష్ యూనిట్ల వీధంతా తెల్లటి రాతిపొడి, బండలు కోసే మిషన్ల రొద. చెట్ల ఆకులు కూడా సున్నం కొట్టినట్టున్నాయి. ఆసుపత్రి చిన్నదే. సింధుజ లోపలికి పరుగులాంటి నడకతో పోయి, యాలాల్ కొండమ్మ అనే మనిషి వచ్చిందా అని అడిగింది. లేదన్నారు. ఎవరైనా గొర్రెలాయన పెళ్లాన్ని తీసుకొచ్చాడా అంటే, ఆ పొద్దంతా జ్వరం పిల్లలు తప్ప ఎవరూ రాలేదన్నారు. కానీ ఫోన్లో నాన్న ముఖం ఈ గోడకు ఆనుకునే ఉంది.

గోడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లారు. అక్కడ పగిలిన బండల కుప్పలు, వాటి వెనక ఖాళీ జాగా, నాలుగు తుమ్మచెట్లు. ఆ తుమ్మల కింద ఒక గొర్రెలమంద. ఒక బండ మీద కూర్చుని సద్ది విప్పుకుంటున్న మనిషి తలెత్తి చూశాడు. నర్సప్ప, కొండమ్మ తమ్ముడు, సింధుజకు స్వయానా మేనమామ.

"సింధూ! నువ్వేందే ఈడ?" అని అతను నోరు తెరిచాడు. "గింత ఎండల! వదినె గూడ వచ్చిందే!"

"మామా, అమ్మకేమైంది?"

"అక్కకేమైంది?"

"నాయిన యాడ?"

"బావ మందకాడ ఉన్నడు. యాడుంటడు మరి?"

"నాయిన ఈడనే ఉన్నడని ఫోన్ల చూపిస్తుంది మామా!" అని సింధుజ, యాదగిరి చేతిలోని తన ఫోన్ చూపించింది.

నర్సప్ప చుట్టూ చూశాడు, తన వెనక్కి కూడా చూసుకున్నాడు. "ఈడ నేనొక్కన్నే ఉన్న బిడ్డా."

అప్పుడు మంద మధ్యలో ఉన్న పెద్ద ఎర్ర పొట్టేలు తుమ్మకాయల కోసం నాలుగడుగులు ముందుకు వేసింది. యాదగిరి చేతిలో ఉన్న ఫోన్లో మామగారి ముఖం అంతే దూరం ముందుకు జరిగింది. పొట్టేలు పక్కకు తిరిగి చెట్టు అవతలికి పోయింది. మామగారూ పోయాడు. యాదగిరి ఫోన్ చూశాడు, పొట్టేలును చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు.

"మామ దొరికిండు" అన్నాడు.

బీరన్న మందలో అందరికంటే ముందు నడిచే ఎర్రోడు అదే. మెడ కింద ఉన్ని మధ్యలో తోలుసంచి వేలాడుతోంది. యాదగిరి టికెట్ లేని ప్రయాణికుణ్ణి పట్టుకున్నంత ధైర్యంగా దాని మీదికి పోయి, వెళ్లినంత వేగంగానే వెనక్కి వచ్చాడు. రెండోసారి పోయి కింద పడ్డాడు. లక్ష్మమ్మ ఇక చూడలేకపోయింది. కొంగు నడుముకు దోపి, పక్కనుంచి చప్పుడు లేకుండా నడిచి, పొట్టేలు చెవి వెనక వేళ్లు పెట్టి గీరుతూ రెండో చేత్తో కొమ్ము పట్టేసింది. ఎర్రోడు కిక్కురుమనలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ చేతులకు అన్నీ గుర్తున్నాయి. ఆమె ముఖం చూస్తే ఆమెకే ఆశ్చర్యంగా ఉన్నట్టు అనిపించింది.

సంచిలో ఫోన్, దానికి బ్యాటరీ డబ్బా. తెర మీద సింధుజ, పరమేశ్ చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. పొట్టేలు ఒక్కటీ ఎత్తలేదు పాపం.

నర్సప్ప సంగతంతా చెప్పాడు. తన గొర్రెలు ఎదకొచ్చాయని, విత్తనానికి ఎర్రోణ్ణి కొన్నాళ్లు ఇమ్మని అక్కను ముందే అడిగి ఉన్నాడు. తెల్లవారుజామున ట్రాలీ ఆటోతో పోతే బీరన్న నీళ్ల కోసం వెళ్లాడు. కొండమ్మే పొట్టేలును పట్టి ఎక్కించింది. మెడలో ఏముందో ఆమెకూ తెలియదు, తనకూ తెలియదు.

"మరి రేపు ఒడిబియ్యం గద మామా. ఆళ్లు ఇంటికి బయలెల్లిన్రా?"

నర్సప్ప సద్ది మూట మళ్లీ కట్టేశాడు. "బయలెల్లిన్రు గని బిడ్డా, నడిమిట్ల ఆగిన్రు. రాత్రి నుంచి దారిల గొర్లు ఈనుతున్నయ్. ఒకటి గాదు, వరసవెట్టి. పసికూనలు, నడుస్తయా? రేపటికి యాలాల్ చేరుడు గాదు. నీకు ఫోన్ జేసి జెప్తమన్నది అక్క."

ఎట్లా చేస్తుంది? ఫోన్ ఇక్కడ పొట్టేలు మెడలో ఉంది. ఎవరిదైనా అడుక్కుని చేద్దామన్నా నంబర్లన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి.

అమ్మకు ఏమీ కాలేదని తెలిసిన ఊరట ముందొచ్చింది. ఆ వెనకే ఇంకోటి వచ్చింది. సింధుజ అక్కడే ఒక బండ మీద కూలబడి ఏడ్చింది. రైల్లో ఒడిబియ్యం లేకపోయినా ఫరవాలేదనుకున్న మనిషే, ఇప్పుడు అదే కావాలని చిన్నపిల్లలా ఏడ్చింది. "అందరికి ఉంటది అత్తమ్మా పుట్టిల్లు. నాకే లేదు" అంది. ఇన్నాళ్లూ అత్త నోటి నుంచి వచ్చిన మాటే, తన నోటి నుంచి వస్తే ఇంకా చేదుగా ఉంది.

లక్ష్మమ్మ పొట్టేలు కొమ్ము వదిలింది. వచ్చి కోడలి ముందు నిలబడింది. ఆమెకు ఓదార్చడం రాదు, అదిలించడం వచ్చు.

"లెవ్వు" అంది. "ఒడిబియ్యం గోడలు పోస్తయా, తల్లి పోస్తదా? ఆళ్లు రాకుంటే మనం పోవద్దా? మనకు కాళ్లు లేవా? ఏమయ్యా నర్సప్పా, మంద యాడుందో నీకు తెలుసు గద, బండి తియ్యి."

నర్సప్ప మందను తోటివాడికి అప్పజెప్పి మోటార్‌సైకిల్ తీశాడు. వాళ్లు వచ్చిన ఆటో అతని వెనక పడింది. గుంతలొస్తే లక్ష్మమ్మ డ్రైవర్ భుజం మీద ఒక్కటేసి "మెల్లగ!" అనేది. కొడంగల్ దగ్గర ఆపించి, కోడలికి మజ్జిగ తాగించి, కుడుకలు, తమలపాకులు, రవికెగుడ్డ కొంది. పుట్టింటివాళ్లు తేవాల్సినవి అత్త కొనడం ఏ ఆనవాయితీలోనూ లేదు. ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఆమె దుకాణంవాడిని కూడా ముందే గుర్రుగా చూసింది.

కొడంగల్ దాటి, సరిహద్దు దాటి, మట్టిదారిలో పడ్డాక దూరంగా చేనులో తెల్లగా, నల్లగా మంద కనబడింది. ఆటో చప్పుడుకు కొండమ్మ చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుని చూసింది. ఆమె చంకలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. దిగిన మనిషి తన కూతురని తెలియగానే ఆ పిల్లతో సహా పరుగెత్తుకొచ్చి, పిల్లతో సహా వాటేసుకుంది.

"బిడ్డా, రేపు పొద్దుగాల మొదటి బస్సుకు నేనొక్కదాన్నే వద్దామని బియ్యం మూట గూడ కట్టిన. మీ నాయిన రాకుంటే నీ ఒడి ఎట్ల నింపాలె అని దినమంత ఏడుస్తున్న. నువ్వే వస్తివా తల్లీ!" అని, వెంటనే గొంతు మార్చి, "ఇగో, ఈ ముసలాయన ఫోన్ పోగొట్టిండు!" అంది.

బీరన్న వల అవతల నిలబడి ఉన్నాడు. వియ్యపురాలిని చూసి రుమాలు సరిచేసుకున్నాడు. పరమేశ్ లైన్‌లో ఉన్నాడు, యాదగిరి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. "నాయినా, ఫోన్ ఎర్రోని మెడల ఎందుకు కట్టినవే?"

"నువ్వే గద జెప్పినవ్!" అన్నాడు బీరన్న. అతనికి నిజంగానే కోపమొచ్చింది. "మంద యాడుంటే ఫోన్ గాడుండాలె అంటివి. నేను నీళ్లకు వోత, మేత సూడవోత. మీ అమ్మ సామాన్లకు వోతది. మందను గడియసేపు గూడ ఇడువకుండ ఉండేది ఎర్రోడొక్కడే. అందుకే నిన్న రాత్రి ఆని మెడల కట్టిన. నా తప్పేముంది?"

ఫోన్లో పరమేశ్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఆని మెడల ఫోనుందని నాకు జెప్పినవా?" అంది కొండమ్మ. "దిష్టికేందో మూట కట్టిండు అనుకోని గట్లనే బండెక్కిచ్చిన."

ఈ గొడవలో లక్ష్మమ్మ లేదు. ఆమె వల దాటి లోపలికి వెళ్లిపోయింది. ఒక మూల సన్నగా అరుస్తున్న గొర్రెపిల్లను ఎత్తి, దాని పొట్ట నొక్కి చూసి, "వదినె, దీనికి ముర్రుపాలు పట్టలే. తల్లి తన్నుతుంది. ఇటు రా, నువ్వు తల్లిని పట్టు" అని కూర్చుంది. పొద్దు వాలేదాకా ఇద్దరు వియ్యపురాళ్లూ గొర్రెపిల్లలకు పాలు పట్టిస్తూ, కోడలి సంగతి, కూతురి సంగతి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇద్దరూ ఒక్క మనిషి గురించే మాట్లాడుకుంటున్నారని సింధుజకు తప్ప ఎవరికీ నవ్వు రాలేదు.

చేను శంకరప్పది, కన్నడాయన. కడుపుతో ఉన్న పిల్ల వచ్చిందని తెలిసి భార్యను తీసుకుని వచ్చాడు. "బర్రీ అక్కా, ఒళగ కూడ్రి" అని లోపలికి పిలిచి, తమ పొలంలోని కొట్టంలో మంచం వేసి కూర్చోబెట్టి, ఆడవాళ్లకు జొన్నరొట్టె, పప్పు పెట్టించాడు.

తెల్లవారింది. ఆదివారం. కొండమ్మ గొంగడి పరిచి కూతుర్ని తూర్పుముఖంగా కూర్చోబెట్టింది. శంకరప్ప భార్య కుంకుమ, కనకాంబరాలు తెచ్చింది. కొండమ్మ మూట విప్పింది. పసుపు బియ్యం ఎండలో మెరిశాయి. దోసిలి నింపి కూతురి ఒడిలో పోసింది, మళ్లీ నింపింది, మళ్లీ పోసింది. బీరన్న పక్కన కూర్చుని కుడుకలు అందిస్తూ ఉన్నాడు. అరుణాచల్‌లో అప్పటికే ఎండెక్కింది. పరమేశ్ మలుపు దగ్గర హెల్మెట్ తీసి, "అక్కా, నా వంతు కుడుక గూడ నువ్వే ఏస్కో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ ఫోన్‌ను కాసేపు కొండల వైపు తిప్పేశాడు.

సింధుజ ఒడి బరువెక్కింది. ఆమె కడుపులో బిడ్డ, ఒడిలో బియ్యం. రెండూ కలిసి అమ్మ చేతుల కింద వెచ్చగా ఉన్నాయి. ఇంతకంటే ఏం కావాలి అనుకుంది.

లక్ష్మమ్మకు మాత్రం ఇంకొకటి కావాలి. ఆనవాయితీ విషయంలో ఆమె ఎవరినీ వదలదు. "ఒడి కట్టుకోని పుట్టింటి గడప దాటాలె వదినె. గడప యాడుంది?"

చేనులో గడప ఎక్కడి నుంచి వస్తుంది? బీరన్న లేచాడు. భుజం మీది కర్ర తీసి, మంద బయటికి పోయే దగ్గర వల ముడి విప్పి, ఆ సందుకు అడ్డంగా రెండు రాళ్ల మీద ఆ కర్రను పెట్టాడు. కొండమ్మ దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. లక్ష్మమ్మ వంగి చూసి, "మంచిగుంది" అంది.

సింధుజ ఒడి రెండు చేతులా పట్టుకుని, అమ్మ చెయ్యి ఆసరాగా, కుడికాలు ఎత్తి కర్ర దాటింది.

గొర్రెల సంగతి తెలిసిందే. ఒకటి దాటితే అన్నీ దాటాలి. వల తెరిచారు, ముందు ఒక మనిషి కాలెత్తి దాటింది, ఇక వాటికి వేరే పిలుపు అక్కర్లేదు. ముందున్న ముసలి గొర్రె ఆ కర్ర మీదుగా ఎగిరి దూకింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మందంతా. బీరన్న "హోయ్! హోయ్!" అని అరిచాడు, నర్సప్ప చేతులు చాపి అడ్డుపడ్డాడు, యాదగిరి మళ్లీ కింద పడ్డాడు. ఫోన్లో పరమేశ్ "ఏమైతుంది? బావా, నాకు ఆకాశమే కనవడుతుంది!" అని కేకలు పెట్టాడు. ఎవరూ ఆపలేకపోయారు. నిన్న పుట్టిన కూనలను చంకల్లో వేసుకుని కొండమ్మ, లక్ష్మమ్మ కూడా మందతోపాటే కర్ర దాటి నడిచారు.

ఒడి కట్టుకున్న ఆడపిల్ల వెనక్కి తిరిగి చూడకూడదంటారు. సింధుజ చూసింది. నవ్వుతూ, ఏడుస్తూ, నిలబడి కళ్లారా చూసింది. తర్వాత ఒడి సరిగా పట్టుకుని, ఆటో ఆగిన రోడ్డు వైపు నడిచింది. పుట్టిల్లంతా దుమ్ము రేపుకుంటూ ఆమె వెనకే వచ్చింది.